మణిరత్నం ‘విలన్’: వెన్నెల సాక్ష్యం ఎవరికి కావాలి?

(అనకాపల్లిలో మహిళా సంఘాల కార్యకర్తల కోసం జరిగిన రెండు రోజుల శిబిరంలో చేసిన ప్రసంగ పాఠం. మొదటిరోజు సాయంత్రం శిబిరంలో ‘విలన్’ సినిమా ప్రదర్శించారు.)



నిన్న సాయంత్రం మనందరం కలిసి ‘విలన్’ చూశాం. తర్వాత భోజనాల దగ్గర చాలాసేపు వాదించుకున్నాం. కొందరికి నచ్చింది. అడవి, వాన, జలపాతాలు బాగున్నాయన్నారు. పోలీసు అధికారి తప్పుల్ని చూపించినందుకు, అడవిలో మనిషి పక్షాన నిలబడినందుకు నచ్చిందని మరికొందరన్నారు. మాడుగుల వైపు నుంచి వచ్చిన ఒక కార్యకర్త మాత్రం ఏమీ మాట్లాడకుండా కూర్చుని, లేవబోతూ ఒక్క మాట అడిగింది. “ఆ చెల్లెలు స్టేషన్నుంచి బతికే వచ్చింది కదా. నూతిలో ఎందుకు పడాలండీ?” అని. ఇవాళ నేను చెప్పబోయేదంతా ఆ ప్రశ్నకి జవాబు వెతకడమే.

ముందు సినిమా సంగతి. ఇది 2010 జూన్ 18న విడుదలైంది. మణిరత్నం ఒకే కథని తమిళంలో ‘రావణన్’గా, హిందీలో ‘రావణ్’గా విడివిడిగా తీశాడు. తమిళ సినిమానే తెలుగులోకి ‘విలన్’గా అనువదించారు. రామాయణాన్ని ఈ కాలంలోకి తెచ్చి, రావణుడి వైపు నుంచి చెప్పడం దీని ఉద్దేశం. అడవి పల్లెల్లో జనం దేవుడిలా చూసుకునే వీరయ్య, అతన్ని వేటాడే ఎస్పీ దేవ్ ప్రకాశ్, ఆ ఎస్పీ భార్య రాగిణి - వీళ్లే ప్రధాన పాత్రలు. వీరయ్య రాగిణిని ఎత్తుకుపోయి పద్నాలుగు రోజులు అడవిలో వుంచుతాడు. ఎందుకంటే, వీరయ్య చెల్లెలి పెళ్లి జరుగుతుండగా దేవ్ పోలీసులతో వచ్చి దాడి చేశాడు. వీరయ్య తప్పించుకున్నాడు. చెల్లెలు పోలీసులకి చిక్కింది. ఆ చెల్లెలి పేరు తమిళంలో వెన్నిలా. మనం వెన్నెల అనుకుందాం.

పదహారు పదిహేడేళ్ల కిందటి సినిమా గురించి ఇప్పుడెందుకు అనే సందేహం రావచ్చు. చెడ్డ సినిమాలు ఏడాదికి వందలు వస్తాయి, వాటి గురించి శిబిరాలు పెట్టుకోం. కాని మణిరత్నం అలాంటి దర్శకుడు కాదు. ‘మౌనరాగం’లో (1986) ఇష్టం లేని పెళ్లి చేసుకున్న అమ్మాయి, ఏం కావాలని భర్త అడిగితే విడాకులు కావాలంటుంది. మన సినిమాల్లో అంతకుముందు ఎంతమంది కథానాయికలు ఆ మాట అనగలిగారు? ‘గీతాంజలి’ని (1989) నేరుగా తెలుగులోనే తీశాడు. ‘అమృత’లో (2002) కన్నతల్లిని వెతుక్కుంటూ పోయే తొమ్మిదేళ్ల పిల్లని కథకి కేంద్రంగా నిలబెట్టాడు. ‘రోజా’, ‘బొంబాయి’ల రాజకీయాల మీద మనకి గట్టి అభ్యంతరాలే వున్నాయి. అయినా ఆడవాళ్ల మనసులో ఏముందో వినగలిగిన దర్శకుడనే గౌరవం అతని మీద వుంది. అందుకే ‘విలన్’ నిరాశపరిచింది. గొప్ప అవకాశం చేతిలో వుండి జారవిడిచిన సినిమా ఇది.

ఏమిటా అవకాశం? రామాయణంలో శూర్పణఖకి జరిగిన అవమానం దగ్గర కథ మలుపు తిరుగుతుంది. ముక్కు చెవులు కోసిన సంగతిని వేల ఏళ్లుగా హాస్యంగా చెప్పుకుంటున్నారు. మణిరత్నం దాన్ని హాస్యంగా చూపించలేదు. పోలీస్ స్టేషన్లో ఒక రాత్రంతా జరిగిన సామూహిక అత్యాచారంగా చూపించాడు. అన్న ఎక్కడ దాక్కున్నాడో చెప్పమని వెన్నెలని వేధిస్తారు. ఆమె చెప్పదు. ఆ రాత్రి ఆమెని స్టేషన్లో వుంచి అత్యాచారం చేస్తారు. శూర్పణఖ కథకి అసలు పేరు ఏమిటో, దాన్ని ఏ నేరం కింద నమోదు చెయ్యాలో మన వ్యాపార సినిమాలో ఇంత స్పష్టంగా చెప్పినవాళ్లు తక్కువ. ఈ మేరకు దర్శకుణ్ణి మెచ్చుకోవాలి.

ఆ తర్వాత ఏం జరిగిందో చూడండి. వెన్నెల ఇంటికి వస్తుంది. జరిగింది చెప్పుకుంటుంది. మర్నాడు నూతిలో పడి చనిపోతుంది. అక్కడితో ఆమె పని అయిపోయింది. ఆమె దుఃఖం వీరయ్యకి కోపంగా మారుతుంది. ఆ కోపమే సినిమాని నడుపుతుంది. పైగా ఈ గతమంతా మనకి వీరయ్య జ్ఞాపకంగా, ఎస్పీ భార్యకి తెలియవలసిన విషయంగా వస్తుంది. అంటే వెన్నెల కథ విన్నాక వీరయ్య మీద రాగిణికి జాలి కలగాలి, మనకీ కలగాలి. అత్యాచారం జరిగింది వెన్నెలకి, సానుభూతి అందింది వీరయ్యకి!

ఇంకొక సంగతి. ఆ రాత్రి వెన్నెల చేసిన పని చిన్నది కాదు. అన్న జాడ చెప్పలేదు. సినిమాలో వీరయ్య చేసే సాహసాలన్నిటికన్నా అది పెద్ద సాహసం. కాని దాన్ని సాహసంగా సినిమా లెక్కపెట్టదు. వంతెన మీద ఇద్దరు మగవాళ్లు కొట్టుకోవడానికి ఎన్ని నిమిషాలిచ్చారో, వెన్నెల ధైర్యానికి ఎన్ని నిమిషాలిచ్చారో పోల్చుకుంటే విషయం తెలిసిపోతుంది.

సినిమా మొదట్లో రాగిణి కూడా నీళ్లలోకే దూకుతుంది. ‘నీ చేతిలో చావను’ అన్నట్టు కొండ మీదనుంచి దూకుతుంది. కొమ్మల్లో చిక్కుకుని, నీళ్లలో పడి, బతికి బయటికి వస్తుంది. కెమెరా ఆ పతనాన్ని ఎంతో అందంగా, నెమ్మదిగా చూపిస్తుంది. అధికారి భార్య నీళ్లలో దూకితే అది తిరుగుబాటు. పల్లెపిల్ల దూకితే చావు. ఒకరి శరీరం అందానికి, ఇంకొకరి శరీరం పగకి పనికొచ్చాయి. వర్గం, కులం అనే మాటలు సినిమాలో ఎక్కడా వినిపించకపోయినా ఈ తేడాలో అవి పనిచేస్తూనే వున్నాయి.

ఇంకో ఆసక్తికరమైన విషయం వుంది. తమిళంలో వీరయ్యగా నటించిన విక్రమే హిందీలో పోలీసు అధికారిగా నటించాడు. మంచిచెడ్డలు ఎవరి సొత్తూ కావు, రాముడూ రావణుడూ ఒకే మనిషిలో వుంటారని చెప్పడానికి ఇది బాగా పనికొస్తుంది. అయితే ఐశ్వర్యారాయ్ రెండు భాషల్లోనూ ఎత్తుకుపోబడిన భార్యే. ప్రియమణి రెండు భాషల్లోనూ చనిపోయే చెల్లెలే. మగవాడికి వేషం మార్చుకునే స్వేచ్ఛ వుంది. ఆడవాళ్ల స్థానాలు ఏ భాషలోనూ కదల్లేదు.

ఇప్పుడు మాడుగుల కార్యకర్త ప్రశ్న దగ్గరికి వస్తాను. ఆ ప్రశ్న ఆమెకి ఊరికే రాలేదు. మనం కూర్చున్న ఈ అనకాపల్లి నుంచి చోడవరం, మాడుగుల మీదుగా ఘాట్ ఎక్కితే పాడేరు. అక్కడినుంచి లోపలికి, జి.మాడుగుల మండలంలో, నుర్మతి పంచాయతీలో వాకపల్లి వుంది. ఇప్పుడది అల్లూరి సీతారామరాజు జిల్లా, అప్పట్లో మనందరిదీ ఒకే విశాఖ జిల్లా. 2007 ఆగస్టు 20 తెల్లవారుజామున 21 మంది గ్రేహౌండ్స్ పోలీసులు గాలింపు పేరుతో ఆ ఊరికి వచ్చారు. తమ మీద సామూహిక అత్యాచారం చేశారని కోందు తెగకి చెందిన 11 మంది స్త్రీలు పాడేరు వచ్చి ఫిర్యాదు చేశారు.

వాళ్లు నూతిలో పడలేదు. దయచేసి ఈ విషయం గుర్తుపెట్టుకోండి. సీఐడీ దర్యాప్తు ఆధారాలు లేవని తేల్చినప్పుడు వాళ్లు ఊరుకోలేదు. పాడేరు కోర్టులో అభ్యంతరం దాఖలు చేశారు. కేసు హైకోర్టుకి వెళ్లింది. 2012లో 13 మంది మీద విచారణ జరపాలనీ, మిగతా ఎనిమిది మంది మీద అవసరం లేదనీ హైకోర్టు అంది. దాని మీద నిందితులు సుప్రీంకోర్టుకి వెళ్లారు. 2017 సెప్టెంబరులో సుప్రీంకోర్టు విచారణ త్వరగా ముగించమని ఆదేశించింది. చివరికి 2023 ఏప్రిల్ 6న విశాఖపట్నం ప్రత్యేక న్యాయస్థానం తీర్పు చెప్పింది. దర్యాప్తు సరిగా జరగకపోవడం వల్ల నేరం రుజువు కాలేదని 13 మందినీ విడుదల చేసింది. అదే తీర్పులో ఆ స్త్రీలకి జిల్లా న్యాయసేవల సంస్థ ద్వారా పరిహారం చెల్లించాలని ఆదేశించింది. తీర్పు వచ్చేనాటికి ఆ పదకొండు మందిలో ఇద్దరు బతికి లేరు.

చట్టం దృష్టిలో ఆ 13 మంది నిర్దోషులు. అది న్యాయస్థానం మాట. అయితే నేరం రుజువు కాకపోవడానికి కారణం ఆ స్త్రీలు కాదు, దర్యాప్తు అన్నది కూడా న్యాయస్థానం మాటే. ఈ రెండో మాటని మనం మొదటి మాటతో సమానంగా ప్రచారం చెయ్యాలి. పదిహేనేళ్లకి పైగా కొండ దిగి, కోర్టు మెట్లెక్కి, తమ భాష రానివాళ్ల ముందు అదే విషయాన్ని మళ్లీ మళ్లీ చెప్పిన మనుషులు వాళ్లు. ‘విలన్’ విడుదలయ్యేనాటికి ఆ ఫిర్యాదుకి దాదాపు మూడేళ్లు. మణిరత్నం వాకపల్లిని చూసి వెన్నెల పాత్ర రాశాడని నేను అనడం లేదు, అలా అనడానికి నా దగ్గర ఆధారం లేదు. నేననేది ఒక్కటే. పోలీసుల చేతిలో హింసకి గురయ్యామని చెప్పిన స్త్రీలు ఈ దేశంలో నిజంగా ఎలా బతికారో చూడడానికి దర్శకుడికి ఆస్కారం వుంది. అయినా సినిమా చూడదలచుకోలేదు.

ఇది వాకపల్లితో మొదలైంది కాదు. 1972లో మహారాష్ట్రలోని దేశాయ్‌గంజ్ పోలీస్ స్టేషన్లో మథుర అనే ఆదివాసీ అమ్మాయి మీద అత్యాచారం జరిగింది. 1978లో సుప్రీంకోర్టు ఇద్దరు పోలీసులనీ వదిలేసింది. మరుసటి ఏడాది నలుగురు న్యాయశాస్త్ర అధ్యాపకులు ఆ తీర్పుని ప్రశ్నిస్తూ బహిరంగ లేఖ రాశారు. అదొక ఉద్యమమై, 1983లో చట్టం మారింది. మన హైదరాబాదులో 1978లో రమీజాబీ మీద నల్లకుంట పోలీస్ స్టేషన్లో అత్యాచారం జరిగింది, ఆమె భర్త అహ్మద్ హుస్సేన్ పోలీసు దెబ్బలకి చనిపోయాడు. జస్టిస్ ముక్తదర్ కమిషన్ విచారణలో రమీజాబీ శీలాన్నే పరీక్షకి పెట్టారు. కమిషన్ పోలీసుల తప్పుని నిర్ధారించింది. కాని కేసు పొరుగు రాష్ట్రం రాయచూరుకి మారి, 1981లో నిందితులు బయటపడ్డారు. ఈ స్త్రీలెవరూ నూతిలో పడలేదు. చచ్చిపోకుండా నిలబడి చెప్పారు. వాళ్లు ఓడిపోయిన కేసుల మీదనే మన చట్టాలు నిర్మాణమయ్యాయి.

మరి సినిమాలో చెల్లెలు ఎందుకు చనిపోవాలి? ‘మానం పోయాక ప్రాణమెందుకు’ అనే భావజాలం మన ఇళ్లలో ఎంత బలంగా వుందో మీకు తెలుసు. చనిపోయిన స్త్రీ పవిత్రురాలు. ఆమె కోసం ఊరు ఏడుస్తుంది, అన్న కత్తి పడతాడు. బతికిన స్త్రీ మాత్రం అనుమానానికి గురవుతుంది. ఎందుకు కేక వెయ్యలేదు, ఇన్నాళ్లెందుకు ఆగావు, డబ్బు కోసమా అని అడుగుతారు. బతికిన స్త్రీతో వ్యాపార సినిమాకి చిక్కు. ఆమె మాట్లాడుతుంది. తన కోపం తనదే అంటుంది. అప్పుడు అన్న పగకి చోటుండదు, ఇద్దరు వీరుల పోరాటానికి చోటుండదు. అందుకని సినిమా ఆమెని ముందే చంపేస్తుంది.

వ్యాపార సినిమా అంటే ఇంతే కదా అనకండి. 1985లో టి.కృష్ణ తీసిన ‘ప్రతిఘటన’ వ్యాపార సినిమాయే. కథ మన విశాఖపట్నంలోనే జరుగుతుంది. నడిరోడ్డు మీద అవమానానికి గురైన లెక్చరర్ ఝాన్సీ నూతిలో పడదు. తనకి అండగా నిలబడని భర్తని వదిలి బయటికి వస్తుంది. చివర్లో ఆమె గొడ్డలి పట్టడం న్యాయమా కాదా అని మనం వాదించుకోవచ్చు. కాని ఆ కోపం ఆమెదే, ఆ కథా ఆమెదే. జనం ఆదరించారు కూడా. కాబట్టి డబ్బు రాదనే సాకు పనికిరాదు.

ఇక రాగిణి విషయం. సినిమా ముగింపులో నాకు చాలా నచ్చినదీ, చాలా బాధ కలిగించినదీ ఒకే సన్నివేశం. వీరయ్య రాగిణిని క్షేమంగా పంపించేశాడు. రైల్లో భర్త ఆమెని అనుమానిస్తాడు. అడవిలో ఏం జరిగిందని అడుగుతాడు, అబద్ధాన్ని కనిపెట్టే యంత్ర పరీక్షకి సిద్ధమా అంటాడు. అగ్నిపరీక్షకి ఇంతకన్నా సరైన ఆధునిక రూపం దొరకదు. సినిమా విడుదలకి ఆరు వారాల ముందు, 2010 మే 5న, సెల్వి కేసులో సుప్రీంకోర్టు ఏమందో తెలుసా? మనిషి సమ్మతి లేకుండా ఈ లై డిటెక్టర్, నార్కో పరీక్షలు చెయ్యకూడదంది. నేరం మోపబడిన మనిషికి కూడా వున్న ఆ హక్కు, ఏ నేరమూ చెయ్యని భార్యకి కాపురంలో లేదు!

రాగిణి గొలుసు లాగి రైలు దిగిపోతుంది. చూస్తున్నప్పుడు మనలో చాలామందికి ఒళ్లు జలదరించింది. చలం ‘సీత అగ్నిప్రవేశం’ రాసిన నేల మీద, రంగనాయకమ్మ ‘రామాయణ విషవృక్షం’ చదివి పెరిగిన మనకి, సీత ఈ పరీక్ష నాకక్కరలేదని దిగిపోవడం కన్నా కావలసిందేముంది? కాని రెండు నిమిషాల్లో తెలుస్తుంది, అదంతా భర్త పన్నిన వల అని. ఆమె కోపంతో వీరయ్య దగ్గరికే వెళ్తుందని అతనికి తెలుసు. ఆమె వెనకే పోలీసుల్ని తెచ్చాడు. వీరయ్యకి అడ్డంగా నిలబడబోయినా ఆమెకి అది కూడా దక్కలేదు. అతను ఆమెని పక్కకి నెట్టి, తూటాలు తిని లోయలో పడిపోతాడు. సినిమా అయిపోతుంది. అంటే ఆడదాని ధిక్కారం కూడా ఆమెది కాకుండా పోయింది, మగవాడి వ్యూహంలో ఒక ఎత్తుగా మారింది. ఆ తర్వాత రాగిణి ఎక్కడికి వెళ్లింది? మళ్లీ ఆ భర్త ఇంటికేనా? సినిమాకి ఆ ప్రశ్న అక్కర్లేదు.

మన తెలుగులో దీనికి పూర్తిగా భిన్నమైన ఊహ వుంది. ఓల్గా ‘విముక్త’ సంపుటిలో ‘సమాగమం’ అనే కథ వుంది. ఆ సంపుటికి 2015 సాహిత్య అకాడమీ పురస్కారం వచ్చింది. అందులో సీత అడవిలో శూర్పణఖని కలుసుకుంటుంది. ఒకరి గాయాన్ని ఒకరు అర్థం చేసుకుంటారు. శూర్పణఖ తన జీవితాన్ని తాను మళ్లీ నిర్మించుకుంది. ఇద్దరు మగవాళ్ల యుద్ధానికి కారణంగా నిలబెట్టిన ఇద్దరు స్త్రీలు ఆ యుద్ధాన్ని పక్కనబెట్టి మాట్లాడుకుంటారు. ‘విలన్’లో రాగిణీ వెన్నెలా ఎప్పుడూ కలవరు. కలవడానికి వీల్లేకుండా ఒకరిని కథ మొదలు కాకముందే చంపేశారు. వెన్నెల బతికి వుండి, రాగిణికి ఎదురుగా కూర్చుని, “నీ భర్త వచ్చిన రోజు ఇది జరిగింది” అని తానే చెబితే ఆ సినిమా ఏమై వుండేది? మణిరత్నం స్థాయి దర్శకుడికి ఆ సన్నివేశం తియ్యడం చేతకాక కాదు. అవసరమనిపించలేదు. నా అసంతృప్తి అక్కడే వుంది.

చివరగా మన పని గురించి కొన్ని మాటలు. ఈ సినిమాని మీ సంఘాల్లో చూపించమనే నేను సలహా ఇస్తాను. చూశాక కొన్ని ప్రశ్నలు అడగండి. వెన్నెల కథ ఎవరు చెబుతున్నారు, ఎవరికి చెబుతున్నారు? ఆమె చావు వల్ల ఎవరికి పని జరిగింది? ఆమె బతికి వుంటే ఊరు ఆమెని ఎలా చూసేది? మన ఊళ్లో అయితే మనం ఎలా చూస్తాం? ఈ నాలుగో ప్రశ్న దగ్గర మౌనం వస్తుంది. ఆ మౌనాన్ని తొందరపడి మాటలతో నింపకండి. అసలు చర్చ అక్కడే మొదలవుతుంది.

చట్టం సంగతీ చెప్పండి. పోలీసు అధికారి చేసే అత్యాచారం మామూలు నేరం కన్నా తీవ్రమైనదిగా చట్టం చూస్తుంది. లైంగిక హింస ఫిర్యాదుని నమోదు చెయ్యని పోలీసు అధికారికి 2013 నుంచి శిక్ష వుంది. 2024 జులై 1 నుంచి అమలవుతున్న భారతీయ న్యాయ సంహితలో అది 199వ సెక్షన్. వాకపల్లి మనకి నేర్పింది కూడా ఇదే. మొదటి రోజుల్లో వైద్య పరీక్ష, వాంగ్మూలాలు, నిందితుల గుర్తింపు సరిగా జరగకపోతే ఆ తర్వాత పదిహేనేళ్లు పోరాడినా ఆ లోటు తీరదు. అందుకని ఫిర్యాదు చేసిన స్త్రీ పక్కన మొదటి రోజే నిలబడాలి.

మనం రాసే నివేదికల్లో, వేసే పోస్టర్లలో కూడా ఒక జాగ్రత్త వుండాలి. హింసకి గురైన స్త్రీని మన కోపానికి నిదర్శనంగా మాత్రమే చూపిస్తే, మనమూ వీరయ్య చేసిన పనే చేస్తాం. ఆమె ఏమంటోంది, ఏం కోరుతోంది, ఎంతవరకు చెప్పడానికి ఇష్టపడుతోంది అన్నది ముందు రావాలి. మన విశ్లేషణ తర్వాత. స్టేషన్నుంచి బతికి వచ్చిన మనిషికి కావలసింది పగ తీర్చే అన్న కాదు. ఆమె చెప్పేది విని, రాసుకుని, కోర్టు దాకా కలిసి నడిచే మనుషులు కావాలి. ఆ మనుషులు ఈ గదిలో వున్నారు. ఇక మీరు మాట్లాడండి, నేను వింటాను.